ఉమ్ ఘాలెబ్ మెట్లెక్కుతోంది

కిందటి వారం రువైదాని ఫోను చెవికి ఆనించుకుని, నోట మాట రాక నిలబడి ఉండగా వదిలేసి వెళ్ళిపోయాం. మనకు వారం గడిచింది. ఆమె పాపం ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఆ ఫోనులో మగగొంతు అన్నది నాలుగే ముక్కలు. "నేను ఉమ్ ఘాలెబ్ కొడుకుని. మా అమ్మని ఇక నడిపించకండి. మెట్లు అసలే ఎక్కించకండి. ఎందుకని నన్నడగొద్దు, నేను ఫోన్ చేశానని ఆవిడకి చెప్పొద్దు." అని పెట్టేశాడు.

ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్దాం. రువైదా జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో, ఫోనులోనే ఆరోగ్యం నేర్పే ఒక సంస్థలో కోచ్. ఏం తినాలో, ఎంత నడవాలో, టీలో చక్కెర ఎలా తగ్గించుకోవాలో అన్నీ ఫోనులోనే. చేరిన ఆడవాళ్ళు దానికి 'ఫోను బడి' అని పేరు పెట్టుకున్నారు. రువైదా అసలు పని పాఠాలు చెప్పడం కాదు, ఎవరూ బడి ఎగ్గొట్టకుండా చూడటం. చేరడానికేం, ఎవరైనా చేరతారు. పెళ్ళికి కుట్టించుకున్న గౌనుకి వీపు మీద జిప్పు పడని రోజున ఊళ్ళో సగం మంది చేరతారు. మొదటి వారం పొద్దున్నే లేచి నడుస్తారు, దోసకాయ ముక్కల ఫోటోలు పంపుతారు. రెండో నెల వచ్చేసరికి ఫోటోలు ఆగిపోతాయి. ఆ తర్వాత ఫోనే తియ్యరు. ఎంత తియ్యగా గుర్తు చేసినా, ఎన్ని పతకాల బొమ్మలు పంపినా జారిపోయినవాళ్ళు జారిపోయినట్టే.

జబల్ అల్ తాజ్ కొండ మీది గుంపు మాత్రం జారిపోలేదు. దానికి కారణం సంస్థవాళ్ళు కనిపెట్టిన కిటుకులేవీ కావు, ఉమ్ ఘాలెబ్ గొంతు. కొడుకు పేరు ఘాలెబ్ కాబట్టి అందరికీ ఆవిడ ఉమ్ ఘాలెబ్, అంటే ఘాలెబ్ తల్లి. ఆవిడకి అరవై దాటాయి, భర్త పోయి చాలా ఏళ్ళయింది. తెల్లవారి నమాజు ముగియగానే గుంపులో ఆవిడ గొంతు మోగేది. "లేచారా, పిండిముద్దల్లారా? ఉమ్ నిదాల్, నిన్న నీ పళ్ళెం ఫోటో రాలేదు. అంటే మక్లూబా అన్నం రెండోసారి వడ్డించుకున్నావన్నమాట. దేవుడు చూశాడు, నేనూ చూశాను. లే, బూట్లు వేసుకో." ఆ చీవాట్లు తినడానికే ఆడవాళ్ళు పక్క దిగేవారు. రువైదా గడుసుది కాబట్టి ఆవిడనే గుంపుకి పెద్దని చేసింది. పైవాళ్ళ దగ్గర మంచిపేరు కొట్టేసింది. ఆ ఉత్సాహంలోనే ఈ విడతకి ముగింపుగా కొండ అడుగు నుంచి పైదాకా ఉన్న పొడుగు మెట్లదారి అందరూ కలిసి ఎక్కాలని ప్రకటించింది. ముందు నడిచేది ఉమ్ ఘాలెబ్. ముహూర్తం శుక్రవారం పొద్దున్న. కొడుకు ఫోన్ చేసింది గురువారం మధ్యాహ్నం.

ఇంకొక్క సంగతి. ఇన్ని నెలల్లో రువైదా ఉమ్ ఘాలెబ్‌ని ఒక్కసారి కూడా ఎదురుగా చూడలేదు. ఆవిడ నవ్వు తెలుసు, దగ్గు తెలుసు, కోడలి మీద ఆవిడ విసుర్లు తెలుసు. మనిషి తెలియదు.

ఎందుకని అడగొద్దని చెబితే అడగకుండా ఊరుకునే రకం కాదు రువైదా. తిరిగి ఫోన్ చేస్తే అతను తియ్యలేదు. కానీ ఘాలెబ్ దుకాణం ఎక్కడో గుంపులో తెలియనిదెవరికి? మా వాడి దుకాణంలో బాదం తప్ప ఊళ్ళో మరెక్కడిదీ నోట పెట్టలేమని ఉమ్ ఘాలెబ్ వందసార్లు చెప్పి ఉంటుంది. రువైదా టాక్సీ ఎక్కి జబల్ అల్ హుసైన్‌లో దిగింది. కాఫీ గింజలు, బాదం, పుచ్చగింజలు వేపి అమ్మే దుకాణం అది. వీధి మలుపు నుంచే ఏలకుల వాసన వేస్తోంది. మామూలు రోజైతే ఆ వాసనకి ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. ఆవేళ రువైదా దాన్ని పట్టించుకోకుండా తిన్నగా లోపలికి నడిచింది.

గల్లా దగ్గర ఉన్న మనిషి భారీగా ఉన్నాడు. నలభై దాటిన వయసు, చేతుల నిండా మసి. ఆమె పేరు చెప్పగానే అతని మొహం వాడిపోయింది.

"మీరేనా ఫోను పంతులమ్మ?"

"నేనే."

"మిమ్మల్ని నేను రమ్మనలేదు."

"ఎందుకని అడగొద్దన్నారు. అది అడగడానికే వచ్చాను."

అతను వీధిలోకి చూశాడు, దుకాణంలో బేరమాడుతున్న ఇద్దరు ఆడవాళ్ళని చూశాడు. వాళ్ళకి తూచి ఇచ్చేసి, తలుపు మీద 'నమాజుకి వెళ్ళాను' అన్న అట్ట తగిలించి, ఆమెని లోపలి గదిలోకి తీసుకెళ్ళాడు. అట్ట అబద్ధమని అతనికి సిగ్గేసినట్టుంది, ఒకటికి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. గది నిండా కాఫీ బస్తాలు. వాటి మధ్య రెండు స్టూళ్ళు. కూర్చోగానే చిన్న కప్పులో కాఫీ పోసి ఆమె ముందు పెట్టాడు. కోపంతో ఉడికిపోతున్నా సరే, వచ్చిన మనిషికి కాఫీ పొయ్యకుండా మాట మొదలెట్టడం ఆ ఊళ్ళో ఎవరికీ చేతకాదు.

"చెప్పండి," అంది రువైదా.

ఘాలెబ్ గొంతు తగ్గించాడు. తల్లి ఉన్నది ఊరికి ఆ చివర, ఇంకో కొండ మీద. అయినా తగ్గించాడు.

"అమ్మకి గుండెలో బాగాలేదు."

రువైదా స్టూలు ముందుకి లాక్కుంది.

"గుండెలో ఓ తలుపులాంటిది ఉంటుందట. రక్తం ఒంట్లోకి పోయే దారిలో. అది బిగుసుకుపోయింది. చలికాలంలో వంటింట్లో పడిపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరు నన్నూ, చెల్లెలు హనాదీనీ వరండాలోకి పిలిచి చెప్పాడు. బరువులు ఎత్తకూడదు, ఎత్తులు ఎక్కకూడదు. శ్రమపడితే ఉన్నట్టుండి పడిపోతుంది, పడితే లేవకపోవచ్చు అన్నాడు."

"ఆవిడకి ఏం చెప్పారు?"

"రక్తం తక్కువైందని చెప్పాం. మాత్రలు కూడా రక్తం పట్టడానికనే ఇస్తున్నాం."

"ఆపరేషన్ చెయ్యాలనలేదా?"

"అన్నాడు. తొందరగా చేయించమన్నాడు. ఆపరేషన్ అంటే ఆవిడకి చెప్పాలి కదా, చెల్లెమ్మా." ఆ ఒక్క మాటతో అంతా తేలిపోయినట్టు అతను చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

రువైదా వెనక్కి లెక్క వేసుకుంది. చేరిన రోజు ఆవిడతో మాట్లాడింది తనే. ఫోను పట్టుకుని జవాబులు చెప్పింది మాత్రం హనాదీ. షుగరుందా, బీపీ ఉందా, గుండెజబ్బు ఉందా అని తను వరసగా అడిగింది. గుండె దగ్గరికి వచ్చేసరికి హనాదీ కాస్త ఆగింది. ఆ ఆగడం రువైదాకి ఇప్పుడు స్పష్టంగా గుర్తొచ్చింది.

"నేను అడిగాను," అంది. "గుండె సంగతి నేను అడిగాను. మీ చెల్లెలు లేదంది."

"మరేమంటుంది? అమ్మ పక్కనే కూర్చుని ఉంది. స్పీకరు పెట్టి ఉంది. మీరేమో మైకులో అడిగినట్టు అడిగారు. 'లేదు, దేవుడి దయ' అనక ఏమంటుంది?"

"తర్వాత నాకు విడిగా ఫోన్ చేసి చెప్పొచ్చుగా."

"చెబితే మీరేం చేసేవారు? ఆవిడని తీసేసేవారు. ఎందుకు తీసేశారని ఆవిడ అడిగేది. మీరు చెప్పేవారు."

రువైదా తల ఊపింది. నిజమే, చెప్పేసేది.

"అసలు చేర్పించడం ఎందుకు?"

"మేమెక్కడ చేర్పించాం? ఇరుగుపొరుగు అంతా చేరారు, నేనూ చేరతానంది. వద్దంటే ఎందుకొద్దని పీకుతుంది, ఆవిడ సంగతి మీకు తెలుసు కదా. టీలో చక్కెర మానితే మంచిదేగా అనుకున్నాం. కుర్చీలో కూర్చుని చేతులూపే వ్యాయామాలు అనుకున్నాం." అతను మొహం తుడుచుకున్నాడు. "హనాదీ ఇలాంటి వాటిల్లో మూడుసార్లు చేరి మూడుసార్లు మానేసింది. 'ఎవరూ రెండు నెలలు ఉండరు అన్నయ్యా, అమ్మ కూడా విసుగొచ్చి మానేస్తుంది, నువ్వు ఊరుకో' అంది. మేం దానిమీదే ఆశ పెట్టుకున్నాం. మీరు మానేయనివ్వలేదు."

ఇంతకుముందు ఎన్నిసార్లో ఆ మాట రువైదాతో మెచ్చుకోలుగా అన్నారు. మానేయనివ్వలేదు. అదే ఆమె గొప్ప. ఇప్పుడు అదే మాట ఈ మనిషి నోట వింటే ఆమెకి కూర్చున్న స్టూలు కదిలినట్టు అనిపించింది. పోయిన రెండు వారాలుగా ఉమ్ ఘాలెబ్ పంపిన మాటలు చెవుల్లో మోగాయి. ఒక వాక్యానికి మధ్యలో ఊపిరి కోసం ఆగడం. మళ్ళీ అందుకోవడం. "నడుస్తున్నా తల్లీ... కొంచెం... ఛాతీ బరువుగా ఉంటోంది అంతే." దానికి తను ఎంత హుషారుగా జవాబిచ్చిందో కూడా గుర్తొచ్చింది. "ఆ ఆయాసం మంచిదే పిన్నీ, ఒళ్ళు అలవాటుపడుతోంది, అదే తగ్గిపోతుంది. మానకండి." మానకండి అని చెప్పి, పక్కన చప్పట్లు కొడుతున్న చేతుల బొమ్మ కూడా పెట్టింది. 

"ఆవిడకి చెప్పెయ్యండి," అంది.

"కుదరదు."

"ఎందుకు కుదరదు?"

ఘాలెబ్ బస్తాల వైపు చూస్తూ మాట్లాడాడు. "మా నాన్నకి చెప్పారు. కాలేయంలో ఆ పేరెత్తకూడని జబ్బని డాక్టరు ఆయన మొహం మీదే చెప్పేశాడు. అప్పటిదాకా దుకాణానికి నడిచి వచ్చిన మనిషి. ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ ఇటు తిరగలేదు. నెల తిరక్కుండానే పోయాడు. జబ్బు చంపలేదు, ఆ మాట చంపిందని అమ్మ నమ్మకం. నాన్నని పాతిపెట్టి వచ్చిన రోజునే మా ఇద్దరి చేతులు పట్టుకుని ఒట్టు వేయించింది. నాకేదైనా వస్తే నాకు చెప్పకండి, నవ్వుతూ పోనివ్వండి అంది. ఇంకేం చెప్పమంటారు?"

అలాంటి ఒట్టు ఆ ఊళ్ళో కొత్తేమీ కాదు. ఇంటింటా ఏదో ఒక గదిలో ఎవరో ఒకరు తమ జబ్బు పేరు తెలియకుండా బతుకుతుంటారు. మిగతావాళ్ళు వంటింట్లో ఏడ్చి, మొహం కడుక్కుని, నవ్వుతూ పళ్ళెం పట్టుకుని లోపలికి వెళ్తుంటారు. రువైదా వాళ్ళింట్లోనూ అమ్మమ్మకి అదే జరిగింది. దాన్ని ఎవరూ అబద్ధం అనుకోరు, ప్రేమ అనుకుంటారు. నేనూ అలాగే అనుకుంటూ వచ్చాను. కానీ ఆ అమ్మమ్మ చేత ఎవరూ కొండ ఎక్కించలేదు.

"ఏదో ఒకటి చెప్పి రేపటి మెట్లు ఆపించండి," అన్నాడు ఘాలెబ్. "బడి మూసేశారని చెప్పండి. కరెంటు లేదనండి. మాటలు మీ వృత్తేగా."

రువైదా కాఫీ కప్పు అందుకుంది. నోటిదాకా తీసుకెళ్ళలేదు. నేలమీద పెట్టి, అతని వైపు నెట్టింది.

ఘాలెబ్ ఉలిక్కిపడ్డాడు. ఏదైనా పెద్ద కోరికతో వచ్చిన మనిషి కాఫీ ముట్టకుండా కింద పెడితే, ఇంటివాడు మాటిచ్చేదాకా తాగడని అక్కడ అందరికీ తెలుసు. పిల్లని అడగడానికి వచ్చినప్పుడు పెద్దలు అలా పెడతారు. చంపుకున్న కుటుంబాల మధ్య రాజీకి వచ్చినప్పుడు పెడతారు. తాగని కప్పు చల్లారిపోతే ఆ ఇంటికి తలవంపులు.

"ఇది మగాళ్ళ పద్ధతి," అన్నాడు.

"మగాళ్ళు నోరు విప్పాల్సిన చోట విప్పకపోతే మేమూ నేర్చుకుంటాం."

"ఇంకేదైనా అడగండి. నా దుకాణం అడగండి."

"మీ దుకాణం నాకెందుకు? ఆవిడకి మీ నోటితో చెప్తానని మాటివ్వండి. ఈ సాయంత్రమే."

"చెబితే భయంతో పోతుంది. ఆ పాపం మీ మెడకి చుట్టుకుంటుంది, ఆలోచించుకోండి."

"మెట్ల మీద పోతే ఎవరి మెడకి?"

 ఘాలెబ్ పెదవులు కదిలాయి. 'తాగండి, మీ పని అయినట్టే' అన్న మాట అతని నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. పాపం, చెడ్డవాడు కాదు. తండ్రి వీపు తప్ప మొహం చూడకుండా గడిచిన ఆ నెల ఇంకా అతని కళ్ళముందే ఉంది.

"ముందు రేపటి సంగతి చూడండి," అన్నాడు చివరికి, బతిమాలుతున్నట్టు. "ముందు అది ఆపండి. తర్వాత మాట్లాడుకుందాం."

రువైదాకి అతని మీద జాలీ కోపమూ కలిసి వచ్చాయి. అయినా ముందు ప్రాణం. ఫోను తీసి, గొంతు సర్దుకుని, ఎప్పటి తియ్యని గొంతుతో గుంపులోకి మాట పంపింది. "నా బంగారాలూ, రేపటి మెట్ల కార్యక్రమం లేదు. ఈ వారం అందరికీ సెలవు. మోకాళ్ళకి విశ్రాంతి ఇవ్వండి, కుర్చీలో కూర్చుని చేసేవి మాత్రం చెయ్యండి. పిన్నీ, ముఖ్యంగా మీకే చెప్తున్నా."  

ఇద్దరూ ఫోను కేసి చూస్తూ కూర్చున్నారు. అట్టే ఆలస్యం కాలేదు. ఉమ్ ఘాలెబ్ జవాబు వచ్చింది. రువైదా నొక్కింది.

మొదట గాలి చప్పుడు. నలుగురైదుగురు ఆడవాళ్ళ నవ్వులు. తర్వాత ఆవిడ. "సెలవా? ఆలస్యంగా ఇచ్చావు తల్లీ." ఊపిరి. "రేపు దుమ్ముగాలి వీస్తుందని టీవీలో చెప్పారు. అందుకని..." మళ్ళీ ఊపిరి, ఈసారి ఇంకా పొడుగ్గా. "సాయంత్రం అసర్ నమాజు కాగానే బయల్దేరాం. కింది మసీదు దాటేశాం కూడా. నీకు చెప్పకుండా పైకెక్కి వీడియో పంపి, నిన్ను హడలగొడదామనుకున్నాం. ఉమ్ నిదాల్ ఇప్పటికే దేవుణ్ణి తలుచుకుంటోంది." నవ్వబోయింది. నవ్వు సగంలో తెగి, ఆగిపోయింది.

ఘాలెబ్ లేచిన విసురుకి స్టూలు పడింది. కప్పు దొర్లి కాఫీ అంతా నేలపాలయింది. అతను చూసుకోలేదు.

దుకాణం వెనక సరుకు వేసే వ్యాను ఉంది. రువైదాని ఎక్కమని అతను చెప్పలేదు, ఆమే ఎక్కింది. గురువారం సాయంత్రం, రేపు సెలవు. అమ్మాన్‌లో ఉన్న ప్రతి బండీ రోడ్డు మీదే ఉన్నట్టుంది. రెండు మలుపులు తిరిగేసరికి ముందూ వెనకా కార్లు. ఘాలెబ్ హారన్ మీదనుంచి చెయ్యి తియ్యలేదు. ఆ హారన్ ఎప్పుడో పాడై, తప్పిపోయిన మేకపిల్ల అరుపులా వినిపిస్తుంది. ఎవరూ దారివ్వలేదు.

"హనాదీ?" అంది రువైదా.

"జర్కాలో ఉంటుంది. దానికి నాకంటే దూరం. మీరు అమ్మకి చెయ్యండి."

చేసింది. ఉమ్ ఘాలెబ్ తియ్యలేదు. మళ్ళీ చేసింది. ఎత్తడానికి ఊపిరి లేక తియ్యలేదా, వీడియో తీస్తూ తియ్యలేదా?  ఉమ్ నిదాల్‌కి చేసింది. ఆవిడ ఎత్తింది.

"ఉమ్ నిదాల్, ఉమ్ ఘాలెబ్ ఎక్కడ?"

"నా పైన. ఆవిడ ఎప్పుడు నా కిందుంది గనక?"

"ఆపండి ఆవిణ్ణి. కూర్చోమనండి. ఇప్పుడే."

"నా మాట వింటుందా? నువ్వే చెప్పు, ఉండు, స్పీకరు పెడతా. ఒసే, ఉమ్ ఘాలెబ్, పంతులమ్మ పిలుస్తోంది, ఆగవే."

బూట్ల చప్పుడు ఆగింది. కాసేపు ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. లోపలికి లాగడానికి ఆవిడ పడుతున్న అవస్థ ఫోనులోంచి నేరుగా రువైదా ఒంట్లోకి పాకింది.

"ఏంటమ్మా రువైదా, కొంపలంటుకున్నాయా?"

"పిన్నీ, ముందు కూర్చోండి."

"కూర్చున్నా. ఈ రాయి కాలిపోతోంది, త్వరగా చెప్పు."

"ఇవాళ్టికి చాలు. అక్కడే ఉండండి. కదలొద్దు. మేం వస్తున్నాం."

"మేం అంటే?"

రువైదా నాలుక కరుచుకుంది. సరిగ్గా అప్పుడే ముందు కారు అంగుళం కదిలింది. అలవాటుకొద్దీ ఘాలెబ్ చెయ్యి హారన్ మీద పడింది. మేకపిల్ల అరిచింది.



"అది మా వాడి బండి," అంది ఉమ్ ఘాలెబ్, నెమ్మదిగా. "గురువారం సాయంత్రం, బేరాల వేళ. వాడు దుకాణం మూసి బయటికి వచ్చింది ఒక్కసారే, వాళ్ళ నాన్న పోయిన రోజున. ఇవాళ ఎవరు పోతున్నారు తల్లీ?"

ఘాలెబ్ తల అడ్డంగా ఊపాడు. స్టీరింగు వదిలేసి రెండు చేతులూ జోడించాడు. అతని కళ్ళల్లో నీళ్ళు. వెనక కార్లు హోరెత్తిస్తున్నాయి.

"నువ్వు ఆయాసం తగ్గుతుందన్నావు," ఉమ్ ఘాలెబ్ అంటోంది. ఆవిడ గొంతులో వేళాకోళం పోయింది. "నీ మాట నమ్మాను. తగ్గలేదు. ఇవాళ ఛాతీ మీద ఎవరో మోకాలు వేసి కూర్చున్నట్టుంది. కళ్ళముందు మెట్లు కనపడి మాయమవుతున్నాయి. నాకు నువ్వు ఇప్పటిదాకా అబద్ధం చెప్పలేదు. నడిస్తే ఇది తగ్గుతుందా?"

రువైదా ఘాలెబ్ వైపు చూడలేదు. చూస్తే చెప్పలేకపోయేది.

"తగ్గదు, పిన్నీ."

 ఇన్ని నెలలుగా తన మాట నమ్మి నడిచిన గుంపు అంతా మెట్ల మీద ఆ చిన్న ఫోను చుట్టూ చేరి వింటోందని రువైదాకి అర్థమైంది.

"సరే," అంది ఉమ్ ఘాలెబ్. "నువ్వింకేం చెప్పకు. ఫోను వాడికియ్యి."

ఘాలెబ్ ఫోను అందుకున్నాడు. 

"నాకేమైందిరా, నాన్నా?"

"ఏం లేదమ్మా. రక్తం తక్కువ. అంతే."

"రక్తం తక్కువైనవాళ్ళ కోసం ఎవరూ దుకాణం మూసుకుని రారు."

"అమ్మా, కూర్చో. మాట్లాడకు. నేను వచ్చి..."

"ఏమైందని అడుగుతున్నా."

"నువ్వే కదమ్మా చెప్పొద్దని ఒట్టు వేయించావు," అన్నాడు ఘాలెబ్.

అనేశాక గానీ తనేమన్నాడో అతనికి తెలియలేదు. ఒక్కసారి నోరు జారితే వెనక్కి తీసుకునే దారి ఉండదు. అతని మొహం బూడిదరంగుకి తిరిగింది.

 అవతల ఎవరో చిన్నగా ఏడవడం వినిపించింది. ఉమ్ నిదాల్ కావచ్చు.

"అయితే చెప్పాల్సింది ఉందన్నమాట," అంది ఉమ్ ఘాలెబ్. "చలికాలం నుంచీ ఉందన్నమాట. మీరంతా తెలిసి, నా ముందు నవ్వుతూ తిరిగారన్నమాట. ఈ పిల్లకి కూడా తెలుసు. నాకొక్కదానికే తెలీదు."

"అమ్మా, రువైదాకి ఇవాళే..."

"నేను వేయించిన ఒట్టు నేనే తీసేస్తున్నా. ఇంతమంది సాక్షిగా తీసేస్తున్నా. చెప్పు."

ఘాలెబ్ పెదవులు ఆడించాడు. గోడవైపు తిరిగి పడుకున్న ఒక వీపు అతని గొంతుకి అడ్డం పడి ఉంది. రువైదా అతని మోచెయ్యి పట్టుకుని కుదిపింది. చెప్పు, చెప్పు అని పెదవులతోనే బతిమాలింది. ఫోను లాక్కుని తనే చెప్పేద్దామని చెయ్యి చాచింది. ఆ మాట కొడుకు నోట వినాలని ఆవిడ అడిగిందని గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది.

"చెప్పవూ?" అంది ఉమ్ ఘాలెబ్.

ఎవరో "వద్దు ఉమ్ ఘాలెబ్, కూర్చోవే, నీ కాళ్ళు పట్టుకుంటా" అంటున్నారు. గుడ్డలు రాసుకున్న చప్పుడు. ఎవరో గౌను అంచు పట్టి లాగినట్టు, ఆవిడ విడిపించుకున్నట్టు.

"సరే. నువ్వు చెప్పేదాకా నేను ఎక్కుతూనే ఉంటా. నీకెప్పుడు నోరొస్తే అప్పుడు చెప్పు, ఫోను ఉమ్ నిదాల్ చేతిలోనే ఉంటుంది."

ఘాలెబ్ నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

ఫోనులో బూటు రాతి మీద ఆనిన చప్పుడు వినిపించింది. తర్వాత ఊపిరి. తర్వాత ఇంకో మెట్టు.